సుకానీ కోసం ఆలూరు దాకా

మా తమ్ముడి ఓడ మునిగిందన్న వార్తను తంతి తెచ్చింది. ఆ ఓడలో సుక్కాని పట్టుకున్న మనిషి, ఓడవాళ్ళ మాటలో సుకానీ, బతికే ఉన్నాడన్న వార్తను నాకు మొట్టమొదట తెచ్చినవాడు మాత్రం గొంగళ్ళమ్మే ఈరన్న. ఏటా చలికాలం చివర ఆలూరు వైపు నుంచి మూట నెత్తిన పెట్టుకుని మా మైదుకూరు చుట్టుపక్కల ఊళ్ళకు వస్తాడు. ఆ రోజు మా అరుగు మీద మూట దించి, మజ్జిగ తాగుతూ, ఇంట్లో అలికిడి లేకపోవడం చూసి కారణం అడిగాడు. చెప్పాను. చెంబు కింద పెట్టేశాడు.

"అమ్మా, మా పక్కూర్లో మౌలాలి అని ఒకాయప్ప ఉండాడు. బొంబాయికి పోయి ఓడలెక్కినోడు. మొన్న పుష్యంలో ఇల్లు చేరినాడు. ఓడ రాళ్ళకు తగిలె, మా దొర నా కండ్ల ముందరే పాయె అని ఒకటే ఏడుపు. ఆ దొర తెలుగాయప్పే అంట. కడప జిల్లా అంట."

నేను లోపలికి పోయి దేవుడి గూటి ముందు కాసేపు కూర్చున్నాను. ఈరన్న ఆ ఏడు మా ఊరికి రాకుండా వేరే దారిన పోయి ఉంటే ఈ నాలుగు మాటలు రాసే అవసరమే ఉండేది కాదు. అతని మేలు మరిచిపోలేను.

తమ్ముడి పేరు నరసింహులు. అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్ళు. నేను కాపురానికి పోవలసినదాన్ని వాణ్ణి చంకనేసుకునే పోయాను. మా అత్తగారు ఒక్క మాట అనలేదు, ఆ తల్లి ఏ లోకాన ఉన్నా చల్లగా ఉండాలి. వాడు కడపలో చదివి, బొంబాయిలో ఓడచదువు ముగించి, బొగ్గు మోసే ఒక పాత చిన్న ఓడలో రెండో అధికారి అయ్యాడు. కలకత్తాలో బొగ్గు ఎత్తుకుని, సింహళం చుట్టి తూత్తుకుడికి పోతూ, కార్తీకం ఆఖర్లో తెల్లవారక ముందే ఆ ఓడ సింహళం తూర్పు ఒడ్డు రాళ్ళ మీద పడింది. కెప్టెను బతికాడు. మా వాడు పడవ తాళ్ళు కోస్తుంటే అల తీసుకుపోయింది.

అంతటితో పోలేదు. విచారణ జరిపేవారి దగ్గరనుంచి కాగితం వచ్చింది. ఆ రాత్రి దిక్సూచి తప్పును సరిచూడవలసింది రెండో అధికారి. అతను చూడలేదని కెప్టెను చెబుతున్నాడు. ఆ వివరాలు రాసే పుస్తకం ఓడతో పోయింది. చనిపోయినవాడి తరఫున సాక్ష్యం ఉంటే ఇరవై రోజుల్లో ఏ మేజిస్ట్రేటు ముందైనా ప్రమాణం చేయించి పంపవచ్చు. ఈరన్న మా అరుగు ఎక్కేనాటికి ఆరు రోజులే మిగిలాయి.

దిక్సూచి తప్పు అంటే ఏమిటో చదివేవారికి చెప్పాలి. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు, పంచాంగం, చుక్కల పేర్లు నేర్పాడు. ఈ సంగతి మాత్రం తమ్ముడే సెలవులో వచ్చి మిద్దె మీద పడుకున్నప్పుడు చెప్పాడు. "సూది ఉత్తరమే చూపిస్తాదని నీకెవరు చెప్పినారక్కా? ఓడంతా ఇనుమే. ఆ ఇనుము సూదిని పక్కకు గుంజుతాంటాది. ఎంత గుంజిందో ఓడలో ఉండే ఏ వస్తువూ చెప్పలేదు, అన్నీ దాంతో కలిసి తిరిగేవే గదా. చెప్పేది ఆకాశంలో చుక్క ఒక్కటే." ఫలానా చోట, ఫలానా వేళకు, ఫలానా చుక్క ఏ దిక్కున నిలవాలో పుస్తకాల్లో లెక్క ఉంటుందట. సూది ఆ చుక్కను ఏ దిక్కున చూపిస్తున్నదో చూస్తారు. రెంటికీ ఎంత తేడా ఉంటే అంత సూది తప్పు. ఆ తప్పును కలుపుకుని ఓడను నడుపుతారు. మా వాడు అన్నం మానుకుంటాడు గాని ఆ పని మానుకోడు. అది నాకు తెలుసు. తెలిస్తే చాలదు, చూసినవాడు చెప్పాలి.

మా మరిది ఓబన్నను వెంట తీసుకుని మర్నాడే బయలుదేరాను.

నంద్యాల దారి

మైదుకూరులో బస్సెక్కేసరికి ఎండ పైకొచ్చింది. మా వైపు కాలవ నీళ్ళున్నాయి గనుక చాగలమర్రి దాటేదాకా అక్కడక్కడా పచ్చన కనిపిస్తుంది. ఓబన్న ఆ ప్రయాణానికి మనసారా వచ్చినవాడు కాదు. కిటికీ పక్కన కూర్చుని సణుగుతూనే ఉన్నాడు.

"వదినా, సచ్చినోడు సచ్చె. ఆ కాగితం మంచిగొస్తే వాడు లేసొస్తాడా?"

"రాడు."

"మరెందుకీ అగసాట్లు?"

"వాడు పోయినాడని ఏడ్చుకుంటా. వాడు నలుగురిని చంపినాడని ఏడ్చుకోలేను ఓబన్నా."

ఆ ఓడలో మా వాడితో కలిపి ఐదుగురు పోయారు. ఓబన్న అటు తిరిగి బీడీ వెలిగించాడు.

ఆళ్ళగడ్డలో బస్సు ఒక్క కుదుపు కుదిపేసరికి నా ఒళ్ళో ఉన్న పెరుగన్నం గిన్నె ఎగిరి ముందు సీటు పెద్దాయన తలపాగా మీద పడింది. ఆయన తలపాగా విప్పి, మెతుకులు దులిపి, వాసన చూసి, "ఇంగువేసినావు గదమ్మా, బాగుండాది. తినే యోగం నాకు ల్యా, నా తలకుండాది" అన్నాడు. బస్సంతా నవ్వింది. తంతి వచ్చిన నాటి నుంచి నేను నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డాను గాని, ఆ పెద్దాయనకు మనసులో దండం పెట్టుకున్నాను. నంద్యాల దిగాక ఆయనే మమ్మల్ని ఎరిగినవాళ్ళ ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టించాడు. ఆ ఇంట్లో వరన్నమే, సంగటి లేదు. చింతాకు పప్పు, నెయ్యి. మా ఇంటి నుంచి ఒక్క పూట ప్రయాణం, అంతలోనే కుండలో మార్పు.

ఓర్వకల్లు రాళ్ళు

రెండో రోజు ఓర్వకల్లు దగ్గర బస్సు ఇంజను పొగలు కక్కి నిలిచిపోయింది. నీళ్ళ కోసం డ్రైవరు డబ్బా పట్టుకుని పోయాడు. పోయిన మనిషి రెండు గంటలకు గాని రాలేదు.

ఆ చోటు చూడనివారికి చెప్పాలంటే ఎలా చెప్పాలో తెలియదు. గుట్టలంటే మట్టీ చెట్టూ ఉంటాయనుకుంటాం. అక్కడ ఉత్త బండలు. నున్నగా అరిగి, ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. వాటి అంచులు చూస్తుంటే నాకు మరేమీ తోచలేదు, మా వాడి ఓడ తగిలిన రాళ్ళు ఇలాగే ఉండి ఉంటాయనిపించింది. నీళ్ళలో ఉన్నా రాయి రాయే. బండ నీడన కూర్చుని విష్ణు నామాలు చెప్పుకుందామంటే మధ్యలో తప్పిపోతూ వచ్చాయి.

రాళ్ళు కొట్టే ఒకామె మమ్మల్ని చూసి తన కుండలో నీళ్ళు ముంత నిండా ఇచ్చింది. ఆ కుండను ఆమె రెండు మైళ్ళనుంచి మోసుకొచ్చిందని తర్వాత తెలిసింది. నేను అణా ఇవ్వబోతే ఆమె ముఖం మారింది.

"నీళ్ళకు దుడ్లు తీసుకుంటే ఈ నాలిక ఎండిపోదా తల్లీ?"

చేయి వెనక్కు తీసుకున్నాను. ఆమె పేరు అడిగే తెలివి నాకు అప్పుడు లేకపోయింది.

కర్నూలు

ఆ ఏడు కర్నూలు రాజధాని. ఊరు ఉన్నది ఉన్నట్టే ఉంది, వచ్చిన జనం మాత్రం నాలుగింతలు. ఆఫీసులు డేరాల్లో. గుడ్డ గోడల మధ్య బల్లలు వేసుకుని, కాగితాలు ఎగిరిపోకుండా కంకరరాళ్ళు పెట్టుకుని గుమాస్తాలు రాస్తున్నారు. గాలి వీచినప్పుడల్లా డేరాలన్నీ ఒక్కసారి పొట్ట ఉబ్బించి మళ్ళీ దించుకుంటాయి. తెరచాపలు అలాగే ఉంటాయని తమ్ముడు చెప్పేవాడు.

సత్రంలో చోటు లేదు. గదికి పూటకు రూపాయిన్నర అడిగారు, అది కూడా ముగ్గురు పరాయివాళ్ళతో కలిసి. ఏంచేయాలో తోచక నిలబడి ఉంటే పక్క వాకిట్లోనుంచి ఒకావిడ పిలిచింది. గోదావరి వైపు నుంచి వచ్చిన గుమాస్తాగారి భార్య, పేరు కాంతమ్మగారు. వసారాలో పడుకోమని చాప ఇచ్చింది.

"ఏవండీ, మీ వైపు నీళ్ళను కావిళ్ళ లెక్కన కొంటారుటగా? మా ఊళ్ళో కాలవలోకి దిగి పీకలదాకా నిలబడేవాళ్ళమండీ. ఇక్కడికొచ్చాక మా వారు చెంబుడు నీళ్ళతో స్నానం చేసి, ఆ నీళ్ళే తులసికి పొయ్యమంటున్నారు."

"పొయ్యండమ్మా. తులసి ఏమీ అనుకోదు," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. మేము వచ్చిన పని విన్నాక ఇక నవ్వలేదు. భర్తను లేపి పంపి, మేజిస్ట్రేటు ఏ డేరాలో, ఏ రోజుల్లో కూర్చుంటాడో కనుక్కుని చెప్పించింది. వచ్చే గురువారం దాటితే ఆయన క్యాంపుకు వెళ్ళిపోతాడట. మాకు ఆ గురువారమే గడువు. వెళ్ళేటప్పుడు నా కొంగుకు పసుపు కుంకుమ కట్టబోయి, నా నుదురు చూసి ఆగి, రెండు అరటిపళ్ళు కట్టింది. మా ఆయన పోయి ఆరేళ్ళు. ఆమె ఆగిన ఆ క్షణంలో కూడా మర్యాద ఉంది.

ఆలూరు

ఆదోని మీదుగా ఆలూరు చేరేసరికి మంగళవారం పొద్దెక్కింది. ఆ భూమి రంగు వేరు, ఆ గాలి వేరు. చెట్టు కనిపిస్తే ఊరు వచ్చిందనుకోవాలి. పొద్దున్నే ఉగ్గాని పెట్టారు. బొరుగులు నీళ్ళలో తడిపి తాలింపు వేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ. అణాకు ఆకు నిండా. ఓబన్న రెండాకులు తిని, "వదినా, వీళ్ళు బువ్వకు బదులు బొరుగులు తింటాండారే, కడుపు నిండతాదా?" అని అడిగి మూడో ఆకు చెప్పాడు. మేము శెనక్కాయలనే వాటిని వీళ్ళు బుడ్డలంటారు. జొన్నరొట్టె మా వైపూ చేస్తారు గాని, ఇంత పలచగా చేయి మీదే తట్టడం నేను అక్కడే చూశాను.

ఈరన్న చెప్పిన ఊరు ఇంకా నాలుగు మైళ్ళు. బండి మీద పోయి, ఊరి మొదట్లో కూర్చున్న ముసలాయనను మౌలాలి ఇల్లు అడిగాం.

"ఏ మౌలాలప్పా? కుంటి మౌలాలా, దర్జీ మౌలాలా, మా చిన్నోడు మౌలాలా? ఈ ఊర్లో రాయేస్తే మౌలాలికే తగుల్తాది."

"ఓడలో పనిచేసినాయన," అన్నాను.

"ఓ, నీళ్ళ మౌలాలా!" అని ముసలాయన నవ్వాడు. "శానా దూరం పోయి నీళ్ళు సూసొచ్చినాడు. ఈడికొచ్చి కపిలె తోల్తాండాడు. పోండి, ఆ కొస ఇల్లు."

కొస ఇంట్లో మౌలాలి తల్లి జమాల్‌బీ ఉంది. మేమెవరమో చెప్పేలోపే ఆమెకు తెలిసిపోయినట్టుంది. వాకిలికి అడ్డంగా నిలబడింది.

"నా కొడుకుకేమీ తెలవదు. వాడు సచ్చి బతికొచ్చినాడు. కోర్టనీ కచ్చేరనీ వాణ్ణి యాడికీ ఈడ్సొద్దండి."

"అమ్మా, నేను కోర్టు మనిషిని కాను. ఆ ఓడలో పోయిన పిల్లవాడి అక్కను."

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. వాకిలి విడిచింది. లోపలికి పోయి, రొట్టె మీద నువ్వుల్లాంటి గురెల్లను దంచిన పొడీ ఉల్లిగడ్డా పెట్టి తెచ్చి నా ముందు పెట్టింది. "తిను. వాడు బావి కాడ ఉండాడు. ఉగాది పోతానే మళ్ళా బొంబాయికి పోతానంటాండాడు. నా మాట యాడ ఇంటాడు?"

కపిలెబావి

ఎద్దులు వాలు దిగుతూ తోలు సంచిని బావిలోనుంచి పైకి లాగుతున్నాయి. వాటి తాడు మీద కూర్చున్న మనిషికి ముప్పై దాటి ఉండవు. మమ్మల్ని చూసి తాడు దిగాడు.

"సలామమ్మా. నీ మొగంలో మా దొర ఉండాడు," అన్నాడు. అని నేల మీద కూలబడ్డాడు.

అతను చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

"అమ్మా, రెండు దినాలు ఆకాశమే కనపడల్యా. పగలు సూర్యుడు ల్యా, రాత్రి చుక్క ల్యా. దొర బుక్కు చేతబట్టుకోని పైకి చూస్తానే ఉన్న్యాడు, చంటిబిడ్డ తల్లి కోసరం చూసినట్ల. మూడో రాత్రి రెండు గంటలప్పుడు, నేను సుక్కాని మీద ఉండా, దక్షిణాన మబ్బు చినిగింది. చినిగేతలికి దొర అరిచె. అగస్త్యుడు మౌలాలీ, అగస్త్యుడు! అని తెలుగులోనే అరిచె. ఆ ఓడలో తెలుగు తెలిసినోళ్ళం మేమిద్దరమే."

"అగస్త్య చుక్క ఎక్కడుంది?" అని అడిగాను.

"ఇదిగో, ఇట్ల. సక్కగా దక్షిణాన నిలబడే పొద్దంట అది. గడియారం చూసి, బుక్కు చూసి లెక్క తీసె. దిక్సూచి మీద అద్దం పెట్టి చూసె. మళ్ళా చూసె. సూది లెక్క ప్రకారమైతే ఆ చుక్క ఏడు డిగ్రీలు తూర్పుకు జరిగి ఉండల్ల అనె. మబ్బు రాకముందు మూడు రోజుల కిందట తప్పు రెండే. ఇప్పుడు ఏడు. రెండని కట్టుకోని పోతాంటే ఓడ పడమటికి, భూమి దిక్కుకు, జరుగుతాండాదని అర్థమంట. దొర బుక్కులో రాసి, పోయి కెప్టెన్ను లేపె."

"కెప్టెను వచ్చినాడా?"

"వచ్చె. ఇంగ్లీషులో మాట్లాడుకున్న్యారు, నాకు సగం అర్థమయితాది. మబ్బు సందులో ఒక్క చుక్క, అది ఏ చుక్కనో, నువ్వు తప్పు చూసింటావు, దాని మీద దారి మార్చను, తెల్లారగట్ల ఇంగో చుక్క చూసి చెప్పు అనె. అంతలోకి మబ్బు మూసుకపాయె. దొర రెండు సార్లు చెప్పె. మూడోసారి చెప్తే కెప్టెను కేకలేసె. తెల్లారకముందే రాళ్ళు."

నాకు ఆ క్షణాన ఏడుపు రాలేదు. తల ఎత్తి భగవంతుడికి నమస్కరించాను. వాడు చూశాడు. లేపాడు. చెప్పాడు. నాకు కావలసింది అంతే. ఓబన్న కూడా మౌలాలి భుజం తట్టి, "ఇంకేమప్పా, ఇదే మేజిస్ట్రేటుకు చెప్పు, నీ కాళ్ళకు మొక్కుతా" అన్నాడు.

మౌలాలి లేవలేదు. నేల మీద పుల్లతో గీతలు గీస్తూ ఉండిపోయాడు.

"ఇంగోటి ఉండాది. సూది ఎందుకు తప్పిందో మీరు అడగల్యా."



"ఆ మబ్బుకు వారం ముందర ఒక ఖలాసీ బొగ్గు గుంతలో పడి సచ్చె. సుక్కాని కాడ రాత్రి నిలబడితే వాడొచ్చి నా పక్కన నిలబడినట్ల ఉండేది. వానికి బూట్లు ల్యా గదా, ఆ పాదాల సప్పుడు. దొరకు చెప్తి. నవ్వె. నవ్వినా మంచోడు, నా భయం తీసిపారేయల్యా. పెట్టెలో నుంచి ఒక ఇనుపముక్క తీసిచ్చె. మా అక్క ఇచ్చింది, నాకేమీ కాకూడదని, నా కంటే నీకే అక్కర ఎక్కువ, తలకింద పెట్టుకోని పడుకో అనె."



మా వైపు దూరం పోయే మనిషి దగ్గర ఇనుము ఉంచుతారు. బాలింత మంచం కింద ఉంచినట్టే ఇదీ. వాడు మొదటిసారి ఓడెక్కేటప్పుడు, మా నాన్న దున్నిన నాగటి కర్రు మొన విరగ్గొట్టించి, స్వామి పాదాల దగ్గర ఒక రాత్రి ఉంచి నేనే ఇచ్చాను. నాలుగు వేళ్ళంత ముక్క. అక్క ఇచ్చింది గనుక పారేయలేదు. ఓడచదువు చదివినవాడు గనుక దిక్సూచికి దూరంగా పెట్టె అడుగున పెట్టుకున్నాడు.

"తలకింద పెట్టుకుంటే నిద్రలో భయం పాయె. నాకు భయం నిద్రలో కాదమ్మా, సుక్కాని కాడ. అందుకని ఆ మబ్బు రాత్రి నుంచి ముక్కను ఎత్తుకపోయి దిక్సూచి పీట కింద అర ఉంటాది, గుడ్డలో చుట్టి ఆ అరలోనే పెడ్తి. ఆడైతే వాడు రాడని. ఇనుము కాడ సూది తప్పుతాదని ఓడలో పదేండ్లు చేసినోన్ని, నాకు తెలవదా? తెలుసు. అది కడ్డీలు, గొలుసులు, పెద్ద ఇనుము అనుకుంటి. దేవుని కాడ పెట్టిన ముక్క ఇనుమని నాకు తోచనే ల్యా."

బావిగట్టు మీద ఎద్దులు ఊరికే నిలబడి ఉన్నాయి. ఓబన్నే ముందు తేరుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు: "మౌలాలప్పా, చుక్క మాట చెప్పు, చాలు. ఇనుము మాట ఎవరడిగినారు? చెప్తే నీకు మళ్ళా ఓడెక్కే రాత ఉండదు. మా నరసింహునికీ అంటుకుంటాది. ఏం వదినా?"

ఆ "ఏం వదినా" కు నేను జవాబు చెప్పలేదు. కాదనీ అనలేదు. అది నా తప్పు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మౌలాలి నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను.

"ఈడ నాకు నిద్ర పట్టదమ్మా," అన్నాడు, వేరే సంగతి మాట్లాడుతున్నట్టు. "నేల కదలదు గదా. ఓడలో పదేండ్లు ఊగి ఊగి... అంత జరిగినా నాకు ఆడే బాగుంటాది. రేపు వస్తా, పోదాం."

మళ్ళీ కర్నూలు

గురువారం పదకొండు గంటలకు డేరాలోకి పిలిచారు. మేజిస్ట్రేటు నెరిసిన జుట్టు మనిషి, జలుబు చేసి ఉంది, మాటిమాటికీ రుమాలు తీస్తున్నాడు. మౌలాలి ప్రమాణం చేసి చుక్క సంగతి చెప్పాడు. వేళ చెప్పాడు, దిక్కు చెప్పాడు, ఏడు డిగ్రీలు చెప్పాడు. కెప్టెను అన్న మాటలు చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. చదివి వినిపించాడు. వేలిముద్రకు సిరాబిళ్ళ ముందుకు జరిపాడు.

మేజిస్ట్రేటు ముక్కు తుడుచుకుంటూ అలవాటుగా అడిగాడు: "ఇంకేమైనా చెప్పవలసింది ఉందా?"

ఓబన్న మౌలాలి చొక్కా అంచు పట్టుకున్నాడు. నేను డేరా గుంజను చూస్తూ నిలబడ్డాను.

"ఉండాది దొరా," అన్నాడు మౌలాలి. "సూది తప్పింది నా వల్ల."

మొత్తం చెప్పాడు. గుమాస్తా కలం ఆగిపోయింది. మేజిస్ట్రేటు కళ్ళజోడు తీశాడు.

"ఇది చెప్పకపోతే నీకొచ్చే నష్టమేమీ లేదు, తెలుసా? నిన్నెవరూ అడగలేదు."

"అదే గదా దొరా, అడిగేటోళ్ళు ఐదుగురు నీళ్ళలో ఉండారు."

"రాయవయ్యా," అని మేజిస్ట్రేటు గుమాస్తాకు చెప్పాడు. చెప్పి చాలాసేపు బల్ల మీది కంకరరాయిని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

అప్పుడు గాని నేను గుంజ దగ్గరనుంచి కదలలేదు. ముందుకు వచ్చి, "అయ్యా, ఆ ఇనుము నాది. నేనిచ్చింది. అది కూడా రాయించండి," అన్నాను.

"మీరు ఓడలో ఉన్నారా అమ్మా?"

"లేను."

"అయితే మీ మాట దీంట్లోకి రాదు." కోపంగా అనలేదు. "వెళ్ళి కూర్చోండి."

మౌలాలి వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని తలకు రాసుకుని బయటికొచ్చాడు. బస్సు దగ్గర నేనతని చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకుని, "సిరా అంటుతాదమ్మా," అన్నాడు.

ఉగాది దాటాక కాగితం వచ్చింది. ఆ తేదీన, ఆ వేళకు, ఓడ ఉన్న చోటినుంచి చూస్తే ఆ చుక్క సరిగ్గా దక్షిణానే నిలవాలని లెక్క తేలిందట. చదువురాని సుకానీ అది కల్పించి చెప్పగలిగిన మాట కాదు గనుక, రెండో అధికారి దిక్సూచిని సరిచూశాడనీ, కెప్టెనును హెచ్చరించాడనీ నమ్ముతున్నామన్నారు. దారి మార్చకపోవడం కెప్టెను తప్పు. ఇనుపముక్కను సుకానీ చేతికిచ్చి, దిక్సూచి దగ్గరికి తీసుకురావద్దని చెప్పకపోవడం రెండో అధికారి పొరపాటు. సుకానీ ఇకమీదట ఓడపనికి తగడు.

మా వాడి భాగం వాడికి వచ్చింది. ఎంత తప్పో అంతే, అంతకు మించి కాదు. అందుకు నేను స్వామికి కృతజ్ఞురాలిని. నా భాగం ఏ కాగితంలోనూ లేదు, అందుకే ఈ ప్రయాణం రాశాను. ఈ మధ్య ఈరన్న వచ్చి చెప్పాడు, మౌలాలి కపిలె కూడా మానేసి ఆదోని దారిన కంకర కొడుతున్నాడట. రాత్రిళ్ళు నిద్ర పట్టక వాకిట్లో తిరుగుతుంటాడని జమాల్‌బీ చెప్పి పంపింది.

ఇది చదివిన అమ్మలకూ అయ్యలకూ ఒక్కటే మనవి. నా తమ్ముణ్ణి మీరు తలుచుకోనక్కరలేదు, వాడికి నేనున్నాను. మీరు దీపం పెట్టే వేళనో, నమాజు చేసుకునే వేళనో, ఏమీ చేయని వేళనో సరే, ఆలూరు మౌలాలిని ఒక్కసారి తలుచుకోండి. తల దించుకుని నేను నిలబడిన చోట, అతను తల ఎత్తి చెప్పాడు.